ఓబులక్క చూపించిన బీడు

నిన్న మధ్యాహ్నం మనవడు టీవీలో టోపీల దొరల సినిమా పెట్టాడు. ఎర్రమట్టి, గుట్టలు, గుర్రాల డెక్కల చప్పుడు. పెట్టినవాడేమో ఫోనులో మునిగి ఉన్నాడు. కరెంటు దండగని కట్టేశాను. డెక్కల చప్పుడు ఆగింది కానీ, దానితోపాటు లేచిన ఓబులక్క గొంతు నా చెవుల్లో ఆగలేదు.

ఓబులక్క పెనుకొండ కింద మా అత్తగారి ఊళ్ళో మా పక్కింటి మనిషి. మొగుడు పోయాక గొర్రెల మందను ఒంటిచేత్తో సాకింది. నేను ధర్మవరంలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగి, మూడో తరగతితో బడి మాని, కొత్తకోడలిగా వచ్చినదాన్ని. గడ్డి అంటే నాకు అంతా ఒకటే.

పెట్రోలు దొరకని యుద్ధం రోజులవి. మాఘమాసంలో ఒక ఉదయం బొగ్గుతో నడిచే మోటారు ఒకటి మా ఊరి బావి దగ్గర ఆగింది. బెంగళూరు సినిమా కంపెనీవాళ్ళట. ఇంగ్లీషు గుర్రాల సినిమాల మాదిరి తెలుగులో తీస్తారట. దానికి తగిన నేల కోసం హిందూపురం నుంచి గుట్టగుట్టా వెతుక్కుంటూ వచ్చారు. కళ్ళద్దాల పెద్దమనిషి నన్నే అడిగాడు: "ఏమ్మా, ఇక్కడ ఏమీ లేని చోటు ఎక్కడైనా ఉందా?"

"ఆ గుట్ట కింద బీడుండాది. ఆడ ఏం లేదు" అని చెయ్యి చూపించేశాను. పట్నం మనిషి నన్ను అడిగాడన్న మురిపెం.

సాయంత్రానికి ఊరంతా తెలిసింది. బీడులో గుర్రాలు పరిగెత్తిస్తారు, గడ్డికి నిప్పు పెట్టి మంటల్లోంచి దూకిస్తారు. ఆ ఏడు ఇంకెక్కడా మేత లేదు. వానలు పడేదాకా ఓబులక్క మందకు ఆ గడ్డే ఆధారం. చెప్పింది నేనేనని ఆమె దగ్గరికి పోయి ఒప్పుకున్నాను. తిడుతుందనుకున్నాను. "పొద్దున నా ఎంట రా" అంది, అంతే.

మరునాడు ఓబులక్క వెంట నేను పోయేసరికి కళ్ళద్దాల ఆయన బీడులో సున్నం గీతలు గీయిస్తున్నాడు.

"ఏమప్పా, ఏం లేని సోటు కావాలంటివంట?"

"అవునమ్మా, భలే దొరికింది."

"అంత నిగడదన్ని నిలబడితే ఏం అగుపిస్తాది? వొంగు. ఇది బోద, మా కొట్టాలకు కప్పు. ఇది చెంగలి, ఈనిన గొర్రెకు పాలు పడతాది. ఓయప్పా, ఆడ కౌజుపిట్ట గుడ్లు పెట్టిండాది, తొక్కేవు!"

ఆయన ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచాడు. వెంట వచ్చినవాళ్ళు నవ్వు ఆపుకోలేక దగ్గారు. ఓబులక్క రేగుపండ్లు నాలుగు కోసి ఆయన చేతిలో పోసింది. "తిను. ఏం లేని సోట కాసినవి."

ఆయన తిన్నాడు. తింటూ బీడంతా మళ్ళీ చూశాడు. "మరి మాకు చోటేదమ్మా?" అన్నాడు మెల్లగా.

"పెన్నేట్లో ఇసక, బండలు. గొర్రె గూడా మొగం తిప్పుకుంటాది. నేనే సూపిస్తా పా."

"నీ మంద?"

"ఈ పిల్ల కాస్తాది."

ఆమె గడకర్ర నా చేతిలో పెట్టి, వెనక్కి తిరగకుండా మోటారెక్కింది. ఆ రోజంతా ఏ గొర్రె ఏ గడ్డి కొరుకుతుందో కళ్ళు పత్తికాయలు చేసుకుని చూశాను. పొద్దు వాలేసరికి ఆమె తిరిగి వచ్చింది. సినిమా ఏట్లోనే తీస్తారట. మందను ఒకసారి కలియజూసి, "అన్నీ ఉండాయి" అంది. ఆ సినిమా వచ్చిందో లేదో నాకు తెలియదు. మంద మాత్రం ఆ ఎండాకాలం దాటింది.

నాది కటువు నోరని ఇంట్లో అందరూ అంటారు. నిజమే. మా కోడలు వచ్చిన కొత్తలో ఏడాదికి దాచిన కందులకు పురుగు పట్టించింది. కడుపు మండిపోయింది. నోటిదాకా వచ్చిన మాట మింగి, మరుసటి ఏడు కందుల కుండలు మళ్ళీ ఆమెకే అప్పగించి, ఓబులక్క లాగా వెనక్కి తిరగకుండా బయటికి వచ్చేశాను.