మూడో కడుగు నీళ్ళు

మా చిన్నప్పుడు ధర్మవరంలో ఒక పొద్దున నిద్ర లేచి చూస్తే... మా గాజుజాడీలో ఒక చేప కడుపు పైకి పెట్టి తేలుతోంది.

బెంగుళూరుకు చీరలు తీసుకుపోయే మా మామ, మూడు బంగారు చేపల్ని రేకుడబ్బాలో తెచ్చిచ్చాడు. మిఠాయి అంగడి వాళ్ళిచ్చిన పాత జాడీయే వాటికి ఇల్లు. అరవైల్లో మా వీధికంతటికీ అదొక వింత... సాయంత్రమైతే పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి నిలబడేవాళ్ళు.

మిగిలిన రెండింటికీ తోక మీద దూదిపింజలా ఏదో తెల్లగా పట్టింది. రెక్కలు ముడుచుకుని అడుగునే ఉన్నాయి. నా ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకం తెరిచాను. రొట్టె మీద బూజు బొమ్మ... కింద 'శిలీంధ్రం' అనే మాట. ఎంత బాగుందో ఆ మాట! పదిసార్లు పలుక్కుని, జబ్బు ఇదేనని తేల్చేశాను.

"వాటిని కాలవలో పారేయ్ పాపా, మామ వేరేవి తెస్తాడులే" అంది అవ్వ.

నేను వినలేదు. అంతకుముందు తమ్ముడికి నోరు పూస్తే ఆసుపత్రిలో నీలం మందు రాశారు. ఇదేం మందన్నా అంటే కాంపౌండరు నవ్వి, "రంగే పాపా! బూజును చంపుతాది" అన్నాడు.

రంగా? మా నాయన చేసేదే పట్టుకు రంగు వేసే పని!

కానీ ఆడపిల్లలు రంగుగదిలోకి పోకూడదని మా ఇంట్లో కట్టడి. పోయాను. చిటికెడు నీలం తెచ్చి, ఒక చేపను గిన్నెలోకి తీసి అందులో కలిపాను. మధ్యాహ్నానికి అది చచ్చిపోయింది... చిటికెడంటే చేపకు చాలా ఎక్కువ. ఆ తప్పు నాదే.

నా నీలం వేళ్ళు చూసి నాయన మండిపడ్డాడు.

"చేపకు రంగేస్తాండావా? చీర అనుకుంటివా దాన్ని? ఇంక నా రంగు ముట్టుకున్నావంటే చూడు!"

"ముట్టుకోను నాయనా. ఉన్న ఒక్కదాన్ని మాత్రం పారేయను."

ఏడవలేదు. కూర్చుని నాయన పని చూశాను. రంగు పట్టిన పట్టును వాకిట్లో మూడు గంగాళాల్లో వరసగా జాడించేవాడు. మొదటి నీళ్ళు సిరాలా చిక్కగా... మూడో కడుగుకు లేత నీలం, అంతే. ఆ నీళ్ళన్నీ వీధిలోకే పోయేవి.

కుండ పట్టుకుని పోయి మూడో గంగాళంలో ముంచాను.

"ఏమే, ఏం చేస్తాండావు?"

"పారబోసే నీళ్ళే కదా నాయనా!"

నాయన తల తిప్పుకుని పట్టు పిండుకోసాగాడు. మగ్గం మీదున్న చిన్నాయన మాత్రం "నీ కూతురు వకీలు అవుతాదిలే అన్నా!" అని పకపకా నవ్వాడు.

ఆ నీళ్ళకు సగం మంచినీళ్ళు, పుండు కడిగే నీళ్ళలోలా రవంత కల్లుప్పు కలిపి చేపను వదిలాను. రోజూ నీళ్ళు మార్చాను. నాలుగో రోజుకు ఆ తెల్లటి దూది ఊడిపోయింది. వారానికి చేప బొరుగుల పొడి మేత కోసం పైకి వచ్చింది... తోక సగమే మిగిలింది గానీ.

నాయన వచ్చి జాడీలోకి వంగి చూశాడు. మెచ్చుకోలేదు. "ఉప్పెంత ఏసినావు?" అన్నాడు... తనతో పనిచేసే మనిషిని అడిగినట్టు.

ఇప్పుడు చేపల అంగట్లో అలాంటి నీలం మందు చిన్న సీసాలో దొరుకుతోంది. అయినా చేప నీరసపడితే చాలామంది మందు కొనరు... ఇంకో చేపను కొంటారు. అదే సులువంటారు. నేను ఒప్పుకోను.

అందరూ పారేయమన్నా మీరు మొండికేసి బతికించుకున్న ప్రాణి ఏదైనా ఉందా? ఉంటే రాయండి... ఆ మొండితనం మా తరంతోనే అయిపోయిందంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు.