చెరువు నీళ్లకు తాగునీటి ఫారం

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవి అది. కొండాపూర్‌లోని ఒక చిన్న నీటి పరీక్షల ల్యాబులో నేను అనలిస్టుని. కోకాపేట టవర్ల మధ్య మిగిలిన చెరువు నీళ్లు తీసుకుని అక్కడి నివాసుల సంఘం వాళ్లు వచ్చారు.

మైక్రోస్కోపు కింద ఆ నీళ్లు కళకళలాడాయి. క్లాడోసెరాలు, అంటే రొయ్యకు దూరపు చుట్టాలైన నలుసంత జీవులు, కాళ్లాడిస్తూ ఆల్గేని, అంటే సన్నని పచ్చ నాచుని, వడకట్టి తింటున్నాయి. చెరువు ఆరోగ్యంగా ఉందని నాకు అర్థమైంది. కానీ మా దగ్గరున్న ఫారం ఒక్కటే, తాగునీటిది. అందులో "జీవులు: ఉండకూడదు" అని ఒక వరుస. ఎదురుగా "ఉన్నాయి" అని రాసి, సంతకం పెట్టి పంపేశాను. అడగని మాట రాయడానికి బద్ధకం.

మూడు వారాలకు, ఆ చెరువులో చేపలు పెంచే యాదయ్యగారు సీసాతో వచ్చారు. లోపల నీళ్లు చిక్కటి ఆకుపచ్చ.

"సంఘపోళ్లు పురుగుల మందు కొట్టిండ్రు మేడమ్. ఎందుకంటే మీ కాయితమే చూపెట్టిండ్రు. ఇగ పొద్దుగాల చేపలు నోళ్లు తెరుసుకొని పైకొస్తున్నయ్. సగం సచ్చినయ్. ఏడాది కష్టం. మిగిలినయన్న దక్కుతయా?"

ఆ నీటిలో ఒక్క క్లాడోసెరా కూడా లేదు. తినేవి పోయేసరికి నాచు విరగబెరిగింది. రాత్రంతా నీటిలోని ఆక్సిజన్‌ను అదే పీల్చేస్తోంది. నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లు పెట్టించమని సంఘానికి ఫోన్ చేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. అవి వచ్చేసరికి మిగిలిన చేపలూ పోయాయి.

ఆ కబురు చెప్పడానికి యాదయ్యగారే వచ్చారు. నేను జరిగిందంతా వివరించాను.

"ఆ పురుగులు నాచు తింటయని మీకు ముందుగాలనే ఎర్కనా?"

"తెలుసండి."

"మరి రాయకపోతిరి?"

ఆయన కోప్పడలేదు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఆయన మళ్లీ చేపపిల్లలు వదల్లేదు. మణికొండలో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా చేరారని విన్నాను. నేను రాసిందాంట్లో అబద్ధం లేదు. అయినా తెలిసిన మాట దాచిన రిపోర్టు తప్పుడు రిపోర్టేనని నాకు అప్పుడు తెలిసింది. ఇప్పుడు చెరువు నీళ్లు ఎవరు తెచ్చినా ఫారం వెనక్కి తిప్పి, ఆ జీవుల పేరు, అవి చేసే పని తెలుగులో రాస్తాను. చివర ఎర్ర సిరాతో ఇంకో మాట రాస్తాను: "ఇవి ఉండాలి."