బాబాయ్‌కి మాటిచ్చిన పడవ ఆట

నేను ఫిజిక్స్‌లో డిగ్రీ చదివాను. థర్డ్ క్లాసులో పాసయ్యాను కాబట్టి ఆ శాస్త్రం తరఫున మాట్లాడే హక్కు నాకు పెద్దగా లేదు. అయినా దయ్యాలు లేవని చెప్పడానికి థర్డ్ క్లాసు చాలనే ధీమాతోనే చాలాకాలం బతికాను. అద్దె తక్కువని రాజమండ్రిలో శ్మశానం పక్క ఇంట్లో కొన్నేళ్ళు కాపురం చేశాను. అక్కడ నన్ను పీడించినవి దోమలు మాత్రమే.

అందుకని ఇప్పుడు చెప్పేది నమ్మమని ఎవర్నీ బతిమాలను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా సూర్యారావు బాబాయ్ ఇరిగేషన్‌లో లాకు సూపరింటెండెంటు. రామచంద్రపురం దగ్గర కాలువ మీద లాకులు ఆయన చేతికింద ఉండేవి. కాలువలో ఒకవైపు నీరు ఎత్తులో, రెండోవైపు పల్లంలో ఉన్నచోట పడవ దాటడానికి రెండు తలుపుల మధ్య గదిలాంటిది కడతారు. అదే లాకు. పడవ లోపలికొచ్చాక వెనక తలుపు మూసి, నీటిమట్టం సమం అయ్యేదాకా ఆగి, అప్పుడు ముందు తలుపు తియ్యాలి. తొందరపడితే పడవ బోల్తా.

బాబాయ్ ఉద్యోగంలో చేరేనాటికే సరుకులన్నీ లారీలెక్కేశాయి. పడవలు రావడం మానేశాయి. రాని పడవల కోసం ఆయన సర్వీసంతా తలుపులకి గ్రీజు పూయించాడు.

తొంభైల చివర్లో ఆయన కూతురు రాణి, పదో తరగతి సెలవుల్లో, పోరుపెట్టి వీడియో గేమ్ కొనిపించుకుంది. కాకినాడలో కొన్నారు. టీవీకి తగిలించుకునే రకం. దాంతోపాటు ఒక పసుపుపచ్చ క్యాసెట్ ఇచ్చారు. దాని మీద వందల ఆటలున్నాయని రాసి ఉంటుంది. తీరా చూస్తే ఉన్నవి కాసిని, అవే తిరిగి తిరిగి వస్తాయి. మెనూలో పేర్లు కూడా ఒకదానివి ఒకదానికి ఉండేవి. అందుకని ఇంట్లో అందరం తుపాకీ ఆట, కప్ప ఆట అని మాకు తోచిన పేర్లు పెట్టుకున్నాం. అందులో ఒకటి పడవ ఆట.

రాణికి నెల తిరక్కుండా మొహం మొత్తింది. బాబాయ్ అందుకున్నాడు.

ఆటేమంటే, చిన్న పడవ ఏటికి ఎదురు వెళ్ళాలి. దారిలో తలుపులు అడ్డం వస్తాయి. బటన్ నొక్కితే తెరుచుకుంటాయి. ఎంత తొందరగా దాటితే అన్ని పాయింట్లు. మేమంతా దూసుకుపోయేవాళ్ళం. బాబాయ్ మాత్రం పడవని ప్రతి తలుపు ముందూ ఆపి, నీరు సమం కావడానికి పట్టేంత సేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. ఆ నీరు బొమ్మ. దానికి మట్టమూ లేదు, సమం కావడమూ లేదు.

"బాబాయ్, అది ఆటే. నొక్కెయ్" అన్నాను ఓసారి.

"గవర్నమెంటు జీతం తింటన్నాన్రా. తలుపు నా ఇష్టమొచ్చినట్టు తీసేస్తానేంటి?" అన్నాడు.

దాంతో ఆఖరి తలుపు దగ్గరికి వచ్చేసరికి టైమైపోయేది. ఏళ్ళ తరబడి ఆడినా ఆయన పడవ ఒక్కసారీ ఆ తలుపు దాటలేదు. ఎలాగైనా దాటించాలన్న పట్టుదల మాత్రం రిటైరయ్యాక ఇంకా పెరిగింది. పద్ధతి మార్చుకోవాలని మటుకు తోచలేదు.

గోదావరికి పెద్ద వరదొచ్చిన ఏడాది ఇంట్లోకి మోకాల్లోతు నీరొచ్చింది. టీవీని మంచం మీదికెక్కించారు. గేమ్ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. తర్వాత బురద కడిగి, ఎండబెట్టి, దూదితో తుడిచి చూశారు. గేమ్ పెట్టే పలకలేదు, క్యాసెట్టూ పలకలేదు. బాబాయ్ సాయంత్రాలు ఆపేసిన టీవీ ఎదురుగా కాసేపు కూర్చుని లేచేవాడు. మరుసటి ఎండాకాలం గుండెపోటుతో పోయాడు.

పెద్దకర్మ కోటిపల్లి రేవులో చేశారు. మా వైపు పిట్టకి పెట్టడం అంటారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి దూరంగా నిలబడాలి. కాకి వచ్చి ముట్టిందా, ఆ మనిషికి తృప్తి కలిగినట్టు. ముట్టలేదా, ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు బంధువులు ఒక్కొక్కరే దణ్ణం పెట్టి ఫలానాది మేం చూసుకుంటామని మాట ఇవ్వాలి.

ఆ రేవులో కాకులకి కరువు లేదు. ఆ రోజు గోడ మీద బారుగా కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు.

అమ్మని చూసుకుంటానని రాణి మాట ఇచ్చింది. ఇల్లు అమ్మనివ్వనని అల్లుడు ఇచ్చాడు. వేళకి మాత్రలు వేసుకుంటానని పిన్ని ఇచ్చింది. పొలం గట్టు తగాదా వదిలేస్తానని మా పెదనాన్న కూడా ఇచ్చాడు. ఆ రోజు జరిగిన మొదటి వింత అదేనని నా ఉద్దేశం. కాకులు మాత్రం కదల్లేదు.

"ఇంకేమన్నా ఉందేమో ఆలోచించండమ్మా. అవతల ఇంకో కర్మ ఉందండి నాకు" అన్నారు శాస్త్రిగారు.

అందరూ నా వైపు చూశారు. చావింట్లో కూడా నా నోరు తిన్నగా ఉండదు. "బాబాయ్, నీ పడవ ఆట ఎక్కడున్నా తెచ్చి ఆడిస్తాను, దిగు" అన్నాను.

పిన్ని నన్ను కోపంగా చూడబోయింది. ఆ చూపు పూర్తికాకముందే ఒక కాకి దిగింది. గుత్తివంకాయ ముక్కా, గారే నోట కరుచుకుని పోయింది.

అప్పటికి దానికి బాగా ఆకలేసి ఉంటుందని నేను సరిపెట్టుకున్నాను. పిన్ని సరిపెట్టుకోలేదు. సంవత్సరీకం లోపు ఆ మాట తీరాలంది. తీరకపోతే ఆయనకి అక్కడ నిలకడ ఉండదంది.

రాజమండ్రి, కాకినాడ కొట్లన్నీ తిరిగాను. అప్పటికే క్యాసెట్ల కాలం పోయింది. చివరికి దానవాయిపేటలో నెట్ సెంటర్ నడిపే సత్తిబాబు, ఇంటర్లో నా క్లాస్‌మేటు, పాత ఆటలు అమ్మే విదేశీ సైటు ఒకటి పట్టుకున్నాడు. డబ్బు కడితే ఆట కంప్యూటర్‌లోకి దిగుతుంది.

చిక్కేమంటే, నాకు ఆట పేరు తెలీదు. వెతుకుడు పెట్టెలో 'మా బాబాయ్ పడవ ఆట' అని కొడితే ఏమీ రాదు, కొట్టి చూశాను. బొమ్మలు ఒక్కొక్కటే చూసుకుంటూ పోవాలి. నేను పనిచేసే ట్యుటోరియల్‌లో పాఠాలయ్యాక రోజూ సత్తిబాబు దగ్గరికి వెళ్ళి కూర్చునేవాణ్ణి.

మొదట్లో ఆ సైటు దుకాణంలో ఆటలు సంవత్సరాల వారీగా ఉండేవి. సగం చూశానో లేదో, అక్షరక్రమంలో సర్దేశారు. మళ్ళీ మొదటికొచ్చాను. కొన్నాళ్ళకి కంపెనీల వారీగా మార్చారు. ఆ తర్వాత ముందంతా కొత్త కార్ల ఆటలు నింపి, పాతవాటిని 'క్లాసిక్స్' అని ఓ మూలకి నెట్టారు. ఆ మూలకి ఎటునుంచి వెళ్ళాలో కనుక్కోవడానికే ఒక పూట పట్టింది. తీరా వెళితే సగం వాటి మీద 'ప్రస్తుతం లభ్యం కాదు' అని ఉండేది. కిరాణా కొట్టు సర్దితే కందిపప్పు ఎక్కడ పెట్టారని అడగొచ్చు. ఇక్కడ అడగడానికి మనిషి లేడు.

ప్రతి మాసికానికీ పిన్ని పిట్టకి పెట్టేది. కాకి వచ్చి ముట్టేది. సాయంత్రం నాకు ఫోన్ చేసేది.

"దొరికిందా నాన్నా?"

"చూస్తున్నాను పిన్నీ."

"చూడు. ఆయన ఆగేరు మరి."

వానాకాలంలో ఒక మధ్యాహ్నం, ముందు చూసింది సత్తిబాబే.

"ఒరేయ్, ఈ పడవేంట్రా, జెండా తలకిందులుగా కట్టేడు?"

చూశాను. అదే ఆట. అదే చిన్న పడవ, మూసి ఉన్న తలుపు ముందు ఆగి ఉంది. జెండా నిజంగానే తిరగబడి ఉంది. ఆట పేరు ఉండాల్సినచోట ఖాళీ. అప్పుడది నాకు వింతగా అనిపించలేదు, ఆ సైటులో అలాంటివి చాలా ఉండేవి. సత్తిబాబు కార్డు తీసి నంబరు కొడుతుండగా కరెంటు పోయింది.

కరెంటు పోవడంలో వింతేమీ లేదు. మా ఊళ్ళో పోకపోతే వింత. వచ్చాక మళ్ళీ తెరిస్తే దుకాణం మొహమే మారిపోయింది. 'సరికొత్త రూపంలో' అని పైన పెద్ద అక్షరాలు. ఆ బొమ్మ ఎక్కడా లేదు. ఇద్దరం చీకటిపడేదాకా వెతికాం. సైటువాళ్ళకి మెయిల్ పెట్టాను. చాలా మర్యాదగా జవాబిచ్చారు. అలాంటి ఆట తమ దగ్గర ఎన్నడూ లేదట. నాకు నచ్చవచ్చని కార్ల ఆటలు కొన్ని సూచించారు.

పిన్నికి ఫోన్ చేసి చెప్పాను. దొరికి పోయిందని చెప్పడం కన్నా దొరకలేదని చెప్పడమే తేలికని ఆ రోజే తెలిసింది. మాటల్లో జెండా తలకిందులుగా ఉందని కూడా అన్నాను.

"ఆటలో అలా ఉండదు కదరా" అంది పిన్ని. "ముందు తిన్నగానే ఉండేది. రాణి క్యాసెట్ మీద చారు ఒలకబోసింది చూడూ, ఆ రోజు నుంచీ తిరగబడింది. మీ బాబాయ్ దాన్ని వారం రోజులు తిట్టేరు."

ఆ సంగతి నాకు తెలీదు. అప్పటికి నేను చదువుకోసం రాజమండ్రి వచ్చేశాను. సత్తిబాబు సరే, మా బాబాయ్‌ని ఎప్పుడూ చూసి కూడా ఎరగడు. అనుమానం తీరక తునిలో అత్తారింట్లో ఉన్న రాణికి ఫోన్ చేసి, నేనేమీ చెప్పకుండా, ఆ జెండా ఎలా ఉండేదని అడిగాను. చారు పడ్డాక తిరగబడిందనే చెప్పింది. మా ఇంట్లో ఒక్క క్యాసెట్‌కి వచ్చిన జబ్బు, ఆ దేశం కాని దేశపు దుకాణం బొమ్మలోకి ఎలా వెళ్ళిందో నాకున్న ఫిజిక్స్‌కి అందలేదు.

సంవత్సరీకం దగ్గరపడింది. దుకాణంలో పాత ఆటల మూల కూడా ఎత్తేశారు. శాస్త్రిగారిని అడిగితే ఆయన తేల్చేశారు.

"గోదానం అంటాం. ఆవుని తోలుకొస్తున్నారాండీ ఎవరైనా? కొబ్బరికాయ చేతిలో పెట్టి గోవు అనుకోమంటున్నాం, అనుకుంటున్నారు. ఇంకో పడవ ఆట చూడండి బాబూ, సరిపోద్ది."

సబబుగానే తోచింది. పిన్ని కూడా సరేనంది. సీడీలో ఒక పడవ ఆట కొన్నాను. పాతదానికన్నా ఎంతో అందంగా ఉంది. సత్తిబాబు పిన్ని ఇంటికి కంప్యూటర్ మోసుకొచ్చాడు. పెరట్లో విస్తరి పెట్టారు. నేను కిటికీ పక్కన కూర్చుని ఆడాను. పడవ చకచకా చివరిదాకా వెళ్ళింది. బాకా మోగింది, తెరమీద పువ్వులు కురిశాయి.

ఒక కాకి వచ్చి విస్తరి అంచున వాలింది. కిటికీ వైపు మెడ తిప్పి కాసేపు చూసింది. ఒక్క మెతుకు ముట్టకుండా ఎగిరిపోయింది.

ఆ తర్వాత ఏ పిట్టా రాలేదు. మళ్ళీ మళ్ళీ ఆడాను. బాకా మోగుతూనే ఉంది. వంటలు చల్లారిపోయాయి. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. పిట్ట ముట్టందే ఎవరూ తినకూడదు. పొద్దు వాలుతుండగా శాస్త్రిగారు లేచి, విస్తరి కాలువలో కలిపెయ్యండి, అదీ శాస్త్రమేనండి అన్నారు. ఆయన నా మొహం చూడలేదు.

అందరికన్నా ముందు పిన్నే విస్తరి వేసుకుని కూర్చుంది. పెదనాన్న ఏదో అనబోయాడు.

"ఆయన తినందే తినకూడదంటే ఇంక నా బతుకంతా ఉపోషమేనండి బావగారూ" అంది. పప్పు కలుపుకుని తినడం మొదలుపెట్టింది.

మరుసటి ఏడాదికి ఆ సైటే లేకుండా పోయింది. ఎక్కడైనా పాత ఆటల దుకాణం తెరిచారని తెలిస్తే ఇప్పటికీ వెళ్ళి మొదటి బొమ్మ నుంచీ చూస్తాను. నేను సగానికి చేరేలోపు వాళ్ళు సర్దేస్తారు. కాకి రావడం, కరెంటు పోవడం, సైటు మారడం, వీటన్నిటికీ విడివిడిగా నేను సమాధానం చెప్పగలను. కలిపి చెప్పమంటే చెప్పలేను. జెండాకైతే విడిగా కూడా చెప్పలేను.

పిన్ని మళ్ళీ ఆట గురించి అడగలేదు. పిట్టకి పెట్టడం మానేసింది. తద్దినం నాడు ఇరుగుపొరుగు వచ్చి, అదేంటండి, ఆయనకి పెట్టరా అని అడుగుతారు. "రారండి, ఇంకా డ్యూటీ దిగలేదు" అంటుంది. మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు ఎవరైనా నన్నడిగినా, వేరే ఏం చెప్పాలో తెలియక, నేనూ అదే చెబుతున్నాను.