ఎస్ లేని మాస్టారు

ఆ రోజుల్లో ఇంగ్లీషు వచ్చినవాడికి ఎక్కడైనా అన్నం పుడుతుందని మా అమ్మ నమ్మకం. (ఆవిడకి వచ్చిన ఇంగ్లీషు ‘ఆమేన్’ ఒక్కటే. అది ఇంగ్లీషేననుకుని ఆదివారం ప్రార్థనలో అందరికంటే గట్టిగా పలికేది.) ఆ నమ్మకం మీదే డిగ్రీ అవగానే సంతబొమ్మాళి దగ్గరి మా ఊరు వదిలి, పలాసలో ఓ చిన్న ప్రైవేటు బడిలో ఇంగ్లీషు మాస్టారుగా చేరాను. నెల చూసి, బాగుంటేనే ఉంచుతామన్నారు హెడ్మిస్ట్రెస్ మేడమ్. స్టేషన్ వెనక, జీడిపిక్కలు కాల్చే పొగ వచ్చే గదిలో ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. మా ఊళ్ళో ఫోనున్నది పాస్టరుగారింట్లోనే, ఊరికే చేస్తే బాగుండదు. మాట్లాడే దిక్కులేక, సాయంత్రాలు నోటుబుక్కులో నా దినచర్య ఇంగ్లీషులో రాసుకునేవాణ్ణి. ఐ గెట్ అప్. ఐ గో టు స్కూల్. ఐ కమ్ బ్యాక్. ఐ స్లీప్. ఎన్నాళ్ళు రాసినా ఒక్క తప్పూ రాలేదు. నా అంతటివాడు లేడనుకున్నాను.

నెలాఖరున మేడమ్ వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నారు. నేను ధీమాగా బోర్డు మీద ‘మై మదర్ కుక్ రైస్’ అని రాశాను. “కుక్కా, కుక్సా?” అన్నారావిడ. కుక్క అన్నమాటకే పిల్లలు నవ్వారు. “ఒక్కరైతే ఎస్ పెట్టాలి, ఎక్కువమందైతే అక్కర్లేదు గదండి. అమ్మ కదా అని గౌరవానికి బహువచనం వాడానండి” అన్నాను. (ఇంట్లో అమ్మని ‘నువ్వు’ అనేవాణ్ణి. ఆ గౌరవం అప్పుడే పుట్టింది.)

“ఇంగ్లీషుకి మీ అమ్మా ఒకటే, మా పిల్లీ ఒకటే మాస్టారూ! ‘చూడు’ని ‘సూడు’ అంటారు, ‘చెప్పు’ని ‘సెప్పు’ అంటారు, అక్కర్లేని చోటల్లా స! కావలసిన చోట ఒక్కటి పెట్టడానికి చేతులు రావేం?” అంటూ లేచి వచ్చి, నా బల్ల మీదున్న దినచర్య నోటుబుక్కు తిరగేశారు. “అన్నీ ఐలే. మీ రోజులో ఇంకెవరూ లేరా?” లేరని చెప్పడానికి సిగ్గేసింది. “సోమవారానికి ఇంకొకరి మీద ఇరవై వాక్యాలు రాసుకురండి. తప్పులుంటే మీ ఊరు వెళ్ళిపోవచ్చు.”

ఇంకొకరంటే ఎవరు? ఆదివారం పొద్దున్నే స్టేషన్ బయట టీకొట్టు పిన్ని ఎదురుగా కూర్చున్నాను. షి మేక్స్ టీ. షి వాషెస్ గ్లాసెస్. పంతొమ్మిది దగ్గర బండి ఆగిపోయింది.

“ఏటి బాబూ, నన్ను సూసి ఏటి రాత్తన్నావు?”

“నువ్వు రోజూ ఏటి సేత్తావో రాత్తన్నాను పిన్నీ” అని అన్నీ తెలుగులో చదివి వినిపించాను.

“అన్నీ రాసేవు గానీ, రోజూ నిన్ను అన్నం తిన్నావా అని అడుగుతాను గదా, అది రాయలేదేటి?”

నిజమే, రోజూ అడిగేది. నేను ఊ అనేసి గ్లాసు అందుకునేవాణ్ణి. నన్ను ఎవరూ పలకరించడం లేదని నెల్లాళ్ళుగా కుమిలింది ఆ గ్లాసు పట్టుకునే. కళ్ళు చెమర్చాయి. ఇరవయ్యోది రాశాను: షి ఆస్క్స్ మి. ఉద్యోగం నిలబడింది.

ఇప్పుడు వెనక బల్ల మీద కూర్చుని కొత్త మాస్టార్ల తప్పులు పట్టేది నేనే. మొన్న ఎందుకో పాత అలవాటుగా నోటుబుక్కు తీశాను. ఐ గెట్ అప్. ఐ టేక్ టాబ్లెట్స్. ఐ స్లీప్. ఒక్క తప్పూ లేదు. అన్నీ ఐలే. నాలో నేనే నవ్వుకుని, చెప్పులేసుకుని టీకొట్టు వెతుక్కుంటూ బయల్దేరాను.