నీలం గౌను

మా ఆఫీసులో ప్రింటింగ్ గది చూసుకునే ఆయన్ని అందరం రంగుల మావయ్య అనేవాళ్లం. బొమ్మ ఉన్న కాగితం ఏదిచ్చినా ముందు ఒక్క ప్రతే తీసి, కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చూసేవారు.

"తెర మీద బాగానే ఉందిగా మావయ్యా" అంటే, "తెరకేం, వెలుగుతుంది. కాగితం వెలగదు కదమ్మా" అనేవారు.

"పెళ్లికి ముందు అత్తయ్యనీ కిటికీ దగ్గర నిలబెట్టే చూశారట" అనేవాడు మా అకౌంటెంట్. మావయ్య కూడా నవ్వేవారు.

ఒకరోజు మా ఆఫీసు ఊడ్చే ఆవిడ ఏడుస్తూ వచ్చింది. ఆవిడ నాన్నకి మతిమరుపు, పొద్దున్నించీ కనబడటం లేదు. ఆవిడ ఫోన్లోని ఫొటో పెట్టి నేను కాగితం తయారుచేశాను. మావయ్య ఒక ప్రతి తీశారు. ముసలాయన ఆ రోజూ కప్పుకెళ్లిన ఆకుపచ్చ శాలువా బూడిదరంగులో వచ్చింది.

"ఇలాంటి శాలువా ఇంకోటుందా చెల్లెమ్మా?"

"మా అక్క దగ్గరుంది, రెండూ ఒకేసారి కొన్నాం."

"పట్రా."

"మనిషి కనబడక నేను చస్తుంటే నీకు రంగు కావాలా అన్నా?"

నాకూ ఒళ్లు మండింది. "ఇచ్చెయ్యండి మావయ్యా, ముఖం తెలుస్తోందిగా."

"దూరం నుంచి ముఖం తెలీదమ్మా. బట్టే తెలుస్తుంది."

ఆవిడ పరిగెత్తింది. వచ్చేలోగా మావయ్య చెప్పారు. ఆయనకు పిల్లల్లేరనే అనుకున్నాం ఇన్నేళ్లూ.

"మా పాప ఏడేళ్లప్పుడు బజార్లో తప్పిపోయింది. నేనే ఆఫీసు కంప్యూటర్లో కాగితం చేశా. రంగుని కంప్యూటరూ సర్దింది, ప్రింటరూ సర్దింది. అత్తా కోడలూ ఒకరికి తెలీకుండా ఒకరు కూరలో ఉప్పేసినట్టు. నీలం గౌను ఊదాగా వచ్చింది. కంగారులో చూసుకోలేదు. రంగు పేరైనా రాయలేదు, ఫొటోలో ఉందిగా అని. రెండు నెలల తర్వాత బస్టాండులో టికెట్లిచ్చే ఆయన చెప్పాడు: 'ఆ రోజే ఓ పిల్ల నా కిటికీ ముందు ఏడుస్తూ నిలబడింది. నీలం గౌను. కాగితంలో ఊదా ఉంటే ఈ పాప కాదనుకున్నా.'"

కిటికీలోంచి రోడ్డు చూస్తూ అన్నారు: "రోడ్డు మీద నీలం కనబడితే ఇప్పటికీ మెడ దానంతటదే తిరుగుతుంది."

శాలువా వచ్చింది. ప్రింటర్ జోలికి పోకుండా కంప్యూటర్లో ఒక సర్దుబాటు ఆపేశారు. మూడో ప్రతిలో రంగు బట్టతో కలిసింది. కింద 'ఆకుపచ్చ శాలువా' అని పెద్ద అక్షరాలతో రాయించారు.

మూడోరోజు ముసలాయన దొరికాడు. పక్క వీధి కిరాణా కొట్టావిడ శాలువాని బట్టి పోల్చుకుందట. కూతురు వచ్చి మావయ్య చేతులు పట్టుకుంది. "మంచిదమ్మా" అని ఆయన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు.

ఆయన రిటైరైన రోజు సొరుగు ఖాళీ చేయడానికి నేను సాయం వెళ్లాను. అడుగున ఒకే ఒక్క కాగితం. పళ్లూడిన నవ్వుతో, గౌనులో పాప. పక్కనే గౌను కుట్టగా మిగిలిన గుడ్డముక్క పిన్నుతో గుచ్చి ఉంది. కిటికీ దగ్గర పట్టుకుని చూశాను. రెండూ ఒకటే నీలం.

"ఇది ఎక్కడా అంటించలేదా మావయ్యా?"

"ఆ రంగు రాబట్టేసరికి నాలుగేళ్లు పట్టింది. అప్పటికి గౌను పొట్టయిపోయి ఉంటుంది కదమ్మా."