అమ్మ చెప్పిన మూకీలు

మా కింది ఫ్లాటు సారు మొన్న గురువారం నిద్రలోనే పోయారు. అమీర్‌పేటలో సారంటే కంప్యూటర్ కోర్సులు చెప్పేవారనుకుంటారు మీరు. ఈయన చెప్పింది సినిమా చరిత్ర, అదీ మాటలు రాకముందటి సినిమాలది. రిటైరయ్యాక ఆ పిచ్చి మా అపార్ట్‌మెంటు వాళ్ళకు అంటించారు.

ఆదివారం పొద్దున వాళ్ళింటి హాల్లో తెల్ల దుప్పటి కట్టి, కిటికీలు మూసి, మూకీ వేసేవారు. ఫ్యాను గాలికి దుప్పటి కదిలితే ఇళ్ళూ మనుషులూ నీళ్ళలో ఉన్నట్టు ఊగేవి. ఆ రోజుల్లో రాత్రి సీన్లు పట్టపగలే తీసి, రీలును నీలం రంగులో ముంచేవారట. ఆ నీలం మా మొహాల మీద పడేది. పంజాగుట్ట వైపు పోయే బండ్ల మోత వేరే ఊరిదేమో అనిపించేది.

బొమ్మను నెమ్మదిగా నడిపేవారు. "అప్పట్ల కెమెరా చేత్తోని తిప్పేటోళ్ళు. ఇప్పటి స్పీడుల ఏస్తే అందరు ఉరికినట్టే కనవడ్తరు. వాళ్ళు ఉరకలే, మనమే ఉరికిస్తున్నం," అనేవారు.

అమ్మకు అప్పటికే చెవులు పూర్తిగా పోయాయి. వినబడనప్పుడు మాట్లాడ్డం దేనికని మాటలూ మానేసింది. అమ్మ గొంతు మర్చిపోతానేమోనని నాకు భయంగా ఉండేది. సారు ఊరుకోలేదు. "అమ్మను సుత తోల్కరా బిడ్డా. గీడ అందరం చెవిటోళ్ళమే," అన్నారు.

మధ్యలో మాటలు రాసిన కార్డు తెర మీదికొస్తే సారే తెలుగులో చదివేవారు. ఒకరోజు బొమ్మలో, గుమ్మంలో నిలబడి ఒకమ్మాయి ఒకతన్ని సాగనంపుతోంది. కార్డు రాకముందే సారు బొమ్మ ఆపి, ఏమంటోందని అమ్మను సైగతో అడిగారు.

"వెళ్ళమంటోంది గానీ, వాడు వెళ్తే ఈ పిల్ల బతకదు," అంది అమ్మ, గట్టిగా.

తర్వాతొచ్చిన కార్డులో 'వెళ్ళు' అని మాత్రమే ఉంది.

మూకీల కాలంలో సినిమా హాల్లో తెర పక్కన నిలబడి కథ చెప్పేవాళ్ళుండేవారట. సారు ఆ ఉద్యోగం అమ్మకిచ్చారు. ప్రతి ఆదివారం అమ్మే చెప్పేది, మేమంతా వినేవాళ్ళం. ఇంటికొచ్చాక కూరలో ఉప్పెక్కువైందని నన్ను తిట్టడం కూడా మొదలెట్టింది. ఆ తిట్లు నాకెంత హాయిగా ఉండేవో! ఆయన రుణం నేనేం పెట్టి తీర్చుకోను?

గురువారం సారును ఆ హాల్లోనే పడుకోబెట్టారు. అమ్మ పక్కన కూర్చుని ఆ మొహంలోకి చాలాసేపు చూసింది.

"సారేమీ అనట్లేదే," అంది, ఆదివారాల్లో చెప్పే గొంతుతోనే.

ఏడుస్తున్నవాళ్ళు ఆగిపోయారు. ఎత్తేదాకా అమ్మ ఆయన పెదవుల మీంచి చూపు తిప్పలేదు.