ఇన్‌చార్జమ్మకు దక్కని తొమ్మిదో తరగతి

పన్నెండేళ్ల కిందట ఆ బడిలో చేరినప్పుడు ఆవిడ లెక్కల టీచరు. ఇప్పుడు స్టాఫ్ రూములో అందరూ ఇన్‌చార్జమ్మ అంటారు. మొదట్లో వెటకారానికి అన్నారు, తర్వాత అదే పేరైపోయింది.

హెడ్మాస్టరు చెడ్డవాడేం కాదు, ఆ మాట ముందే చెప్పుకోవాలి. కాకపోతే పని పంచడంలో ఆయనకు తెలిసిన పద్ధతి ఒక్కటే, కాదనలేని మనిషిని పట్టుకుని మునగచెట్టు ఎక్కించడం. "మీరైతే నాకు బెంగుండదమ్మా" అంటారు. ఆ ఒక్క మాటతో పరీక్షల పని ఆవిడ నెత్తికెక్కింది, తర్వాత ల్యాబు, ఆ తర్వాత బస్సులు. చివరికి అడ్జస్ట్‌మెంట్ పుస్తకం కూడా వచ్చి పడింది. రాని టీచర్ల క్లాసులకు ఎవరెళ్లాలో పొద్దున్నే రాసి గదిగదికీ తిప్పే పుస్తకం అది. బడిలో శత్రువులు కావాలంటే అంతకన్నా సులువైన దారి లేదు.

పని ఆవిడది, పెత్తనం ఆయనది. ఎవరినైనా క్లాసుకు వెళ్లమంటే "చెప్పడానికి మీరెవరండీ?" అని మొహం మీదే అనేవారు. ఆ మాట ఆయన చెవిన వేస్తే "మీరే సర్దుకోండమ్మా" అనేవారు. సర్దుకోవడమంటే ముందు తన లీజర్ పీరియడ్లు పోయాయి. అవీ చాలక, ఆఫీసు నుంచి పిలుపు వచ్చినప్పుడల్లా తన తొమ్మిదో తరగతికి డ్రిల్లు మాస్టారిని పంపడం మొదలుపెట్టింది. పాపం ఆయనొక్కడే కాదనేవాడు కాదు.

ఆ ఏడు సైన్సు టీచరు మానేసింది. రెండు నెలలకు ఇంగ్లిషు టీచరూ మానేసింది. పోతూ పోతూ "నువ్వూ బయటపడవే, చచ్చిపోతావు" అని చెయ్యి పట్టుకుని చెప్పింది. వాళ్లిద్దరి పనులూ ఎక్కడికి పోతాయి? తిన్నగా ఇన్‌చార్జమ్మ దగ్గరికే వచ్చాయి.

ఇంట్లో భర్త ఒకరోజు ఉండబట్టలేక అన్నాడు. "అక్కడ గొడ్డుచాకిరీ చేసొచ్చి ఇక్కడ నామీద అరుస్తున్నావు."

"నేనెక్కడ అరుస్తున్నాను?" అని అరిచింది. అరిచాక నవ్వబోయి ఏడ్చేసింది.

మర్నాడు ధైర్యం చేసి హెడ్మాస్టరును అడిగింది. "సార్, ఆ పుస్తకం ఇంకెవరికైనా ఇవ్వండి. నాకు నా తొమ్మిదో తరగతి చాలు."

"మీరు తప్ప ఎవరున్నారమ్మా? చూద్దాంలెండి" అన్నారాయన. వారం తిరగకుండా తనిఖీ ఫైళ్లు కూడా పంపారు.

ఆ ఫైళ్లు మోసుకుపోతుంటే వరండాలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి నోటుబుక్కు పట్టుకుని నిలబడి ఉంది. సమీకరణం సగంలో ఆగిపోయింది.

"రావట్లేదా? ఇలా తే, చెప్తాను."

"వద్దులెండి మేడమ్, మీకు పనుంటుంది కదా. లెక్కల సారునడుగుతాను."

"ఏ సారే?"

"డ్రిల్లు సారే మేడమ్. ఆయనేగా మాకు వచ్చేది."

ఆ పిల్ల మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. ఉంటే కాస్త నయంగా ఉండేదేమో. ఆవిడ ల్యాబులోకి పోయి తలుపేసుకుని అడ్జస్ట్‌మెంట్ పుస్తకం తిరగేసింది. నెలలో ఇరవైనాలుగు పీరియడ్లకు పదిహేడు డ్రిల్లు మాస్టారి పేరున ఉన్నాయి, అన్నీ తన చేతిరాతే. తిడదామంటే ఎవరూ దొరకలేదు. తన పిల్లల్ని తన చేత్తోనే పోగొట్టుకున్నానని కుమిలిపోయింది.

రాజీనామా రాయడానికి పది నిమిషాలు పట్టలేదు. కానీ దాన్ని తీసుకుని మెట్లెక్కుతున్నంతసేపూ లోపల ఒకటే ఆశ. తొమ్మిదో తరగతికి లెక్కలెవరు చెప్తారని ఆయన ఒక్కమాట అడిగితే చాలు, కాగితం లాక్కుని చింపేద్దామనుకుంది.

ఆయన చదివారు. మొహం పాలిపోయింది.

"అయ్యో, అదేంటమ్మా! పరీక్షల పనెవరు చూస్తారు? బస్సుల సంగతో? రేపు పొద్దున పుస్తకం ఎవరు రాస్తారు? తనిఖీవాళ్లు పైవారమే వస్తున్నారు. ల్యాబు కూడా ఉందాయె!"

ఆవిడ ఎదురుచూసింది. ఆయన వేళ్లు మడుస్తూ మడుస్తూ ఆగిపోయారు.

"ఇంకేమీ లేదా సార్?" అని అడిగింది.

ఆయన నిజంగానే ఆలోచించారు. "అంతే అనుకుంటానమ్మా. ఏమైనా మరిచిపోయానా?"

"లేదు సార్" అని లేచింది.

ఆ పూట మూడో పీరియడు తొమ్మిదో తరగతిదే. ఆ గది ముందునుంచి నడిచే ధైర్యం లేక వెనక మెట్లమీదుగా దిగి వెళ్లిపోయింది.